మా వీధి వైన్ షాపు: కౌంటర్‌కి అటూ ఇటూ ఒక ఏడాది

ముందే చెప్పేస్తున్నాను, ఐదుకి నాలుగు స్టార్లు. తగ్గించిన ఆ ఒక్క స్టారు సంగతి డిసెంబరు 24 దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

తెలుగులో వైన్ షాపు అంటే బీరు, బ్రాందీ, విస్కీ అన్నీ దొరికే చోటు అని స్థిరపడిపోయింది. నేను రాస్తున్నది అలాంటి షాపు గురించి కాదు. ఇక్కడ ద్రాక్షతో చేసిన వైన్ తప్ప ఇంకేమీ ఉండదు. రెండు గదులంత చోటు, నాలుగు వందల రకాలు, ఒక ఫ్రిజ్, ఒక యజమాని. ఆవిడ పేరు రాయను, ఆవిడకి నచ్చదు. శుక్రవారం సాయంత్రం ఒక్క సీసా కొనుక్కుని వెళ్ళే గిరాకీగా ఆరేళ్ళ నుంచి ఆ షాపు నాకు తెలుసు. పోయినేడు జనవరిలో సరుకు లెక్కపెట్టడానికి మనిషి సాయం కావాలన్నారు. నాది అకౌంట్ల ఉద్యోగం, లెక్కపెట్టడమే కదా అని ఒప్పుకున్నాను. రెండు రోజుల పని అనుకున్నది డిసెంబరు దాకా సాగింది. శనివారాలు మాత్రమే వెళ్ళేవాణ్ణి, జీతానికి బదులు సీసాలు. కాబట్టి ఈ రివ్యూలో కాస్త పక్షపాతం ఉంటుంది, చూసుకుని చదవండి.

జనవరి ఈ వ్యాపారానికి చచ్చిన నెల. పండగల్లో తాగినవాళ్ళందరూ ఒట్లు పెట్టుకుని ఉంటారు. పొద్దున్నించి సాయంత్రం దాకా తలుపు మీద గంట రెండుసార్లు మోగితే గొప్ప. మేం మాత్రం స్వెటర్లు వేసుకుని అరల ముందు కూర్చుని లెక్కపెడుతున్నాం. లోపల చలి ఎందుకంటే, సరుకుండే గదిని 12, 13 డిగ్రీల దగ్గర ఉంచుతారు. మనుషులకి అది చలి, సీసాలకి అదే సుఖం. రెండు రోజులు పట్టింది. నేను ఉద్యోగంలో ఎన్నో గోడౌన్ల లెక్కలు చూశాను గాని, ఇంత డబ్బు ఇంత చిన్న గదిలో కదలకుండా పడుకుని ఉండడం ఎక్కడా చూడలేదు. ఏడాది అమ్మకాల్లో పెద్ద ముక్క చివరి ఆరు వారాల్లోనే వస్తుంది. ఆ వచ్చిన డబ్బుతో మిగతా నెలల అద్దె, కరెంటు, సప్లయర్ల బాకీలు నడవాలి. డిసెంబరులో కిటకిటలాడిన షాపుని చూసి "బాగా వెనకేస్తున్నారు" అనుకునేవాణ్ణి ఇదివరకు. జనవరి పుస్తకం చూశాక ఆ మాట అనడం మానేశాను.

లెక్క మధ్యలో ముందు అద్దాల్లో పెట్టిన సీసాలు కూడా రాయబోతే ఆవిడ నవ్వారు. అవన్నీ ఖాళీ సీసాలట, లోపల టీ డికాక్షన్ కలిపిన నీళ్ళు. వెలుతురు వైన్‌కి పడదు. ముఖ్యంగా రంగులేని గాజు సీసాలో ఉన్న గులాబీ రంగు వైన్ (దాన్ని రోజే అంటారు), తెల్ల వైన్, నురగ వైన్ అయితే ఎండలోనే కాదు, ట్యూబులైట్ కింద పెట్టినా పాడవుతాయి. తెరిస్తే తడిసిన ఉన్ని వాసన, ఉడికిన క్యాబేజీ వాసన. క్రిస్టల్ అనే పేరున్న షాంపేన్ సీసాకి పసుపు సెల్లోఫేన్ చుట్టి అమ్మేది అందంకోసం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ సీసా గాజు పారదర్శకం, ఆ కాగితం వెలుతురుకి అడ్డు. ఇదంతా తెలిశాక నేను ఏ షాపుకి వెళ్ళినా ముందు అద్దాలే చూస్తున్నాను. అక్కడ ఎండకి మాడుతున్న సీసాలు నిజంగా నిండువే అయితే లోపలికి వెళ్ళను.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో సప్లయర్ల మనుషులు సంచుల్లో సీసాలు వేసుకుని వస్తారు. రుచి చూడడం పొద్దున పదకొండు గంటలకి, నాలుక ఇంకా శుభ్రంగా ఉన్నప్పుడు. ఒక్కో గుక్క నోట్లో తిప్పి బక్కెట్‌లోకి ఉమ్మేయాలి. మొదటిసారి మొహమాటపడి రెండు గుక్కలు మింగేశాను. పన్నెండో సీసాకి అన్నీ బాగున్నాయి అనిపించడం మొదలైంది. "అందుకే ఉమ్మమన్నది" అన్నారావిడ. ఆ రోజు ఇరవై రెండు రకాలు చూసి ఆవిడ తీసుకున్నవి రెండు. వచ్చినాయన ఒక రకం మీద పది పెట్టెలు కొంటే ఒకటి ఉచితం అన్నాడు. నేను పక్కనుంచి కాగితం మీద లెక్కవేసి లాభం చూపించాను. ఆవిడ ఆ కాగితం చూడనేలేదు. "పదకొండు పెట్టెలు ఎవరికి అంటగట్టాలి?" అన్నారు. పెట్టెకి పన్నెండు, అంటే నూట ముప్పై రెండు సీసాలు. తనకి నచ్చనిది నూట ముప్పై రెండుసార్లు బాగుందని చెప్పాలి. ఆ లెక్క నాకు తట్టలేదు.

రోజే సంగతి వేరే తలనొప్పి. ఎండాకాలంలో అమ్మాల్సిన ఆ గులాబీ రంగు వైన్‌కి ఆర్డరు చలికాలంలోనే పెట్టాలి, చాలాసార్లు కొత్త పంట రుచి చూడకముందే. ఎండలు బాగా కాస్తే జూలైకల్లా అయిపోతుంది, వానలు పడితే సెప్టెంబరులో అరల నిండా మిగిలిపోతుంది. మంచి రోజే వైన్ మరుసటి ఏడు కూడా బాగానే ఉంటుంది గాని, సీసా మీద పాత సంవత్సరం చూసి ఎవరూ ముట్టుకోరు. ఆవిడ మిగిలినవాటిని సెప్టెంబరులో తగ్గించి అమ్మారు, ఎందుకు తగ్గించారో చీటీ మీద రాసి మరీ. "తప్పు దీనిది కాదు, వానది" అని. ఆ చీటీ చూసి నేనే మూడు కొన్నాను.

ఆవిడ మీద నాకు గౌరవం కుదిరిన రోజు మాత్రం ఎండాకాలంలోనే వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకి లారీ వచ్చి ఆగింది. పెట్టెలు ముట్టుకుంటే కాలుతున్నాయి. ఒకటి తెరిచి చూస్తే రెండు మూడు సీసాల్లో బిరడా కొద్దిగా పైకి లేచి ఉంది, మూత పక్కన జిగురుగా చెమ్మ. వేడికి లోపలి ద్రవం ఉబ్బి బిరడాని తోసిందన్నమాట. ఇలా ఉడికిన వైన్‌లో తాజాదనం పోయి, ఉడకబెట్టిన పండు రుచి మిగులుతుంది. డ్రైవరు పాపం సంతకం పెట్టమని బతిమాలుతున్నాడు. ఆవిడ అతనికి చల్లటి మంచినీళ్ళిచ్చి, నీడలో కుర్చీ వేసి, మొత్తం లోడు వెనక్కి పంపేశారు. ఒక్క పెట్టె కూడా దించనివ్వలేదు. ఆ వారం రెండు అరలు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ అర అంటే నాలాంటి లెక్కల మనిషికి ఒళ్ళు మండుతుంది. ఆ సీసాలు కొనేవాళ్ళలో నూటికి తొంభైమంది తేడా కనిపెట్టలేరు కదా అని కూడా అన్నాను. మిగతా పదిమందే శుక్రవారాలు వచ్చేవాళ్ళని ఆవిడ జవాబు.

పాడైన సీసా వెనక్కి తీసుకోవడంలో కూడా అంతే. నేను గిరాకీగా ఉన్న రోజుల్లో ఒకసారి సగం తాగిన సీసా పట్టుకుని మొహమాటంగా వెళ్ళాను, తడిసిన అట్టపెట్టె వాసన వస్తోందని. ఆవిడ ఒక్కసారి వాసన చూసి, మాట్లాడకుండా కొత్తది చేతిలో పెట్టారు. దాని కారణం టీసీఏ అనే పదార్థం, ఎక్కువగా బిరడా నుంచి వస్తుంది, లీటరుకి కొన్ని నానోగ్రాములున్నా చాలు పళ్ళ వాసనంతా చచ్చిపోతుంది. ఒంటికి హాని లేదు, తాగబుద్ధి కాదు అంతే. పుస్తకాలు చూశాక తెలిసింది, సప్లయర్లు చాలావరకు అలాంటి సీసాల డబ్బు తిరిగి జమ చేస్తారని. అయినా అడిగితే మొహం మాడ్చే షాపులు నేను చూశాను. ఈవిడ పాడైన సీసాని పారబొయ్యకుండా రెండు మూడు రోజులు కౌంటర్ కింద ఉంచుతారు. కుతూహలం ఉన్నవాళ్ళు వస్తే మంచిదీ చెడ్డదీ పక్కపక్కన వాసన చూపిస్తారు. ఒకసారి ఆ వాసన పట్టుకున్నాక ఇక మర్చిపోలేం.

పనిలేని సాయంత్రాల్లో కబుర్లు బాగుండేవి. ఒకసారి ఎవరో గిరాకీ "గిఫ్టుకి కాలిఫోర్నియాదా, ఫ్రాన్సుది లేదా?" అని పెదవి విరిచి వెళ్ళాక ఆవిడ 1976 కథ చెప్పారు. పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లిషాయన చిన్న వైన్ షాపు నడిపేవాడు. ఆ ఏడు మే 24న ఫ్రెంచి నిపుణుల్ని కూర్చోబెట్టి, పేర్లు కనపడకుండా ఫ్రాన్సు వైన్లూ కాలిఫోర్నియా వైన్లూ రుచి చూపించాడు. తెల్లవాటిలో షాటో మాంటెలీనా 1973 షార్డొనే, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ 1973 కాబర్నే మొదట వచ్చాయి. రెండూ కాలిఫోర్నియావే. ఒక షాపువాడు చేసిన పని అది, అని ఆవిడ ఆ మాట కాస్త గర్వంగానే అన్నారు, తనే చేసినట్టు.

నాలాగా వారానికి ఒకటి రెండు గ్లాసులు తాగేవాడికి ఏ వైన్ అమ్మాలన్నది కూడా ఇలాంటి సాయంత్రమే తేలింది. ఆరేళ్ళుగా నేను సీసా తెరిచి, సగం తాగి, మిగతాది నాలుగో రోజు సింకులో పోస్తున్నాను. ఆవిడ మదీరా ఇచ్చారు. ఆ వైన్ని తయారీలోనే వేడి చేస్తారు, గాలి తగలనిస్తారు. పాడు కావాల్సిందంతా ముందే అయిపోయింది కాబట్టి తెరిచాక నెలల తరబడి నిలుస్తుంది. ఆ సీసా నాకు వేసవి మొత్తం వచ్చింది. అంటే నాకు అమ్మాల్సిన సీసాలు తగ్గించుకున్నారన్నమాట. అప్పుడు నాకు అర్థం కాలేదు. పెట్టెల లెక్కన కొనే మనిషినైతే నాకు ఆవిడ మదీరా పేరే ఎత్తేవారు కాదేమో, అది వేరే సంగతి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో డిసెంబరు ఆర్డర్లు. ఎన్ని పెట్టెల షాంపేన్, ఎన్ని గిఫ్టు డబ్బాలు, ఎన్ని రిబ్బన్లు. నేను అప్పుడే ఒక మాట చెప్పాను: ముందుగా డబ్బు కట్టి రిజర్వ్ చేసుకునేవాళ్ళ పెట్టెల మీద పేరులో మొదటి అక్షరం కాదు, వరస నంబరు వెయ్యమని. "మా గిరాకీలందరూ నాకు మొహం చూస్తే తెలుసు" అన్నారు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

నవంబరు మూడో గురువారం బోజొలే నూవో వస్తుంది. ఆ సంవత్సరం కోసిన గామే ద్రాక్షతో చేసి రెండు మూడు నెలల్లోపే అమ్మకానికి పెట్టే వైన్. పూర్వం నవంబరు 15న విడుదల చేసేవారు, 1985 నుంచి మూడో గురువారం. గుత్తులు గుత్తులుగా మూసిన తొట్టెలో వేసి, బొగ్గుపులుసు వాయువులో పులియబెడతారు. అందుకే వగరు తక్కువ, అరటిపండు చాక్లెట్ల వాసన. నాకైతే పిల్లల మందు గుర్తొచ్చింది. ఆవిడకీ పెద్ద ఇష్టం లేదు. కాని పండగ అమ్మకాలకి అదే గంట కొట్టినట్టు. కాబట్టి రెండే రెండు పెట్టెలు తెప్పించి, ఆ సాయంత్రం వచ్చినవాళ్ళకి తలో గుక్క పోసి, మర్నాటికి అవగొట్టేశారు. వసంతంలోపు తాగాల్సినదాన్ని జనవరికి మిగుల్చుకోవడం అంత తెలివితక్కువ పని లేదట.

ఇక డిసెంబరు. శనివారాలు మాత్రమే అన్న ఒప్పందం మొదటి వారంలోనే కొట్టుకుపోయింది. లోపలికొచ్చేవాళ్ళలో సగంమందిని ఏడాది మొత్తంలో ఎప్పుడూ చూడలేదు. అందరిదీ ఒకటే మాట, "ఏదైనా మంచిది ఇవ్వండి." ఆవిడ అడిగేవి మూడే ప్రశ్నలు. ఎవరు తాగుతారు, దేనితో తాగుతారు, ఏ వరస దాకా వెళ్దాం. మూడోది అడిగేటప్పుడు చెయ్యి కింది అర నుంచి పై అర దాకా మెల్లగా తీసుకెళ్తారు, ఎక్కడ ఆపాలో వాళ్ళే తల ఊపుతారు. డబ్బు మాట నోటితో చెప్పించకపోవడం గొప్ప మర్యాద. క్యూలో వెనక నలుగురు వింటుండగా తన బడ్జెట్ చెప్పుకోవడం ఎవరికి ఇష్టం?

ఎక్కువ గందరగోళం నురగ వైన్ల దగ్గర. "ఎక్స్‌ట్రా డ్రై" అని రాసి ఉంటే అన్నిటికంటే తీపి తక్కువ అనుకుంటారు జనం. కాదు, బ్రూట్ అని రాసి ఉన్నదానికంటే అదే తీపి. బ్రూట్‌లో లీటరుకి 12 గ్రాముల లోపు చక్కెర, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17. డెమీ సెక్ అయితే 32 నుంచి 50, అంటే మిఠాయితో పాటు తాగాల్సింది. ఈ అంకెలు ఆవిడ ఒక అట్ట మీద రాసి అర అంచుకి తగిలించారు. ఆ అట్టవల్ల మిగిలిన టైమే మమ్మల్ని ఆ నెల గట్టెక్కించిందని నా అభిప్రాయం. షాంపేన్ ఎందుకంత ప్రియం అని అడిగినవాళ్ళకి జవాబు సూటిగా ఉండేది: అది సీసాలోనే రెండోసారి పులుస్తుంది, సీసా మీద పంట సంవత్సరం వెయ్యని మామూలు రకమైనా కనీసం 15 నెలలు ఆగాక గాని బయటికి రాదు. ప్రొసెక్కో అనే ఇటలీ నురగ వైన్‌కి ఆ రెండో పులియడం చాలావరకు పెద్ద తొట్టెలోనే అయిపోతుంది. పళ్ళరసం కలుపుకుంటాం అన్నవాళ్ళకి మాత్రం షాంపేన్ అమ్మరు. కావా అనే స్పెయిన్ నురగ వైన్ చేతిలో పెడతారు. అదీ సీసాలో పులిసినదే, జేబుకి తేలిక.

నేను తల పట్టుకున్న సందర్భం ఒకటి. ఒకాయన ఆఫీసు పార్టీకి ఇరవై షాంపేన్ సీసాలు కావాలని వచ్చాడు. ఎంతమంది అని అడిగారావిడ. నలభై. అందరూ ఒక్కో గ్లాసుతో శుభాకాంక్షలు చెప్పుకోవడమే కదా, అయితే 750 మిల్లీలీటర్ల సీసాకి 125 చొప్పున ఆరు గ్లాసులు, ఏడు సరిపోతాయి, ఒకటి అదనంగా ఎనిమిది తీసుకోండి అన్నారు. పన్నెండు సీసాల అమ్మకం గాల్లో కలిసిపోయింది, అదీ క్యూ తలుపు దాటి ఉన్న రోజున. నేను బిల్లు కొడుతూ పళ్ళు నూరుకున్నాను. అతను మార్చిలో ఇంటికి ఒక పెట్టె కొనడానికి వచ్చాడు. ఇప్పుడు నెలనెలా వస్తున్నాడు. నాకన్నా పెద్ద గిరాకీ.

ఫ్రిజ్ చిన్నది, అరవై సీసాలు పడతాయి. అందరికీ చల్లగానే కావాలి. దానికి ఆవిడ దగ్గరున్న మందు ఒక పెద్ద టబ్బు, సగం ఐసు, సగం నీళ్ళు, గుప్పెడు ఉప్పు. ఉత్త ఐసు ముక్కల మధ్య కంటే ఐసు నీళ్ళలో సీసా త్వరగా చల్లబడుతుంది, ఇరవై నిమిషాలు చాలు. ఫ్రీజర్లో పెడతాం అన్నవాళ్ళకి మర్చిపోతే పగులుతుందని చెప్పేవాళ్ళం. షాంపేన్ సీసా లోపలి ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి ఐదారు రెట్లు ఉంటుంది, కారు టైరులో కంటే ఎక్కువ. తెరిచేటప్పుడు బిరడాని గట్టిగా పట్టుకుని సీసాని తిప్పాలి, బిరడాని కాదు. చప్పుడు ఎంత తక్కువైతే అంత బాగా తెరిచినట్టు. డిసెంబరు 31 రాత్రి ఈ మాట ఎంతమందికి చెప్పానో, ఎవరూ విన్నట్టు లేదు. చప్పుడు కోసమే కొంటున్నారు మరి.

ఇప్పుడు ఆ ఒక్క స్టారు. డిసెంబరు 24న నేను షాపులో లేను, ఆఫీసులో సంవత్సరాంతం పనులు. పది రోజుల ముందే డబ్బు కట్టి నా కోసం ఆరు సీసాలు పక్కన పెట్టించుకున్నాను. ఏడాదంతా రుచి చూసి, ఒక్కొక్కటీ నేనే ఏరినవి. సాయంత్రం ఏడింటికి వెళ్ళేసరికి నా పెట్టె లేదు. నా పేరులో మొదటి అక్షరమే ఉన్న ఇంకెవరికో ఇచ్చేశారు. ఆ రోజు కోసం పెట్టుకున్న కుర్రాడు అక్షరం చూసి ఇచ్చాడు, అతనికి మొహాలు తెలియవు కదా. అవతలివాళ్ళ పెట్టె నాకిచ్చారు. ఇంటికి వెళ్ళి తెరిస్తే ఆరూ డెమీ సెక్. ఆ రాత్రి మా ఇంట్లో భోజనం మొదలైన దగ్గర్నించి ఆఖరి దాకా తియ్యటి నురగ వైనే. మా బావగారు మాత్రం ఇంత బాగున్న వైన్ ఎప్పుడూ తాగలేదన్నారు. 27న ఆవిడే ఫోన్ చేసి, ఆరు సీసాలూ మళ్ళీ సమకూర్చి, డబ్బు కూడా వెనక్కి ఇవ్వబోయారు. సీసాలు తీసుకున్నాను, డబ్బు తీసుకోలేదు. స్టారు తీసుకున్నాను. అక్టోబరులో చెప్పిన మాట వినకపోవడానికి అది జరిమానా.

ఇంకో రెండు చిన్న లోపాలు. గిఫ్టు డబ్బాలు పనికిమాలినవి, అడుగు అట్ట పల్చన, నా కళ్ళముందే ఒకటి ఊడింది. కార్డు మెషీన్ రద్దీ సమయంలో మొరాయిస్తుంది, చిల్లర దగ్గర పెట్టుకుని వెళ్ళండి. వెళ్ళాల్సింది ఎప్పుడంటే, ఫిబ్రవరిలో ఏ మంగళవారమో. ఆవిడకి మాట్లాడే తీరిక ఉంటుంది, తెరిచిన సీసా ఏదో ఒకటి కౌంటర్ మీద ఉంటుంది. డిసెంబరు 20 తర్వాత వెళ్ళి ఈ రివ్యూ అబద్ధం అనొద్దు.

ఈ జనవరిలో మళ్ళీ లెక్కకి పిలిచారు, వెళ్ళాను. కౌంటర్ సొరుగులో ఈ డిసెంబరు కోసం కొత్త రిజర్వ్ చీటీల కట్ట ఉంది. ఒకటి నుంచి మూడు వందల దాకా నంబర్లు వెయ్యాలట, పెన్ను నా చేతిలోనే పెట్టారు.